ఆడపిల్ల చదువుకు ఆ నాలుగేళ్ళే గండం

రామతీర్థంలో మాఘమాసం వచ్చిందంటే యాత్రికుల రాకతో సందడి మొదలవుతుంది. భీష్మ ఏకాదశి నాడు సీతారాముల కల్యాణం. ఆ వెనకనే శివరాత్రి జాతర. రాముడి కోవెల వద్ద శివరాత్రికి జాతర జరగడం ఈ ఊరి ప్రత్యేకత. ఆపైన చైత్రంలో శ్రీరామనవమి కల్యాణం. ఈ రెండు కల్యాణాల నడుమ చుట్టుపక్కల పల్లెల్లోనూ పెళ్ళి పందిళ్ళు లేస్తాయి, బాజాలు మోగుతాయి.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఉన్నత పాఠశాలల్లో పదవ తరగతి పరీక్షలకు తయారీ జోరందుకుంటుంది. పరీక్షలు మార్చి నెలలో జరుగుతాయి. మగపిల్లవాడికైతే ఈ రెంటికీ పొత్తు లేదు. ఆడపిల్ల సంగతి అలా కాదు. ఒకే ఇంట్లో, ఒకే పిల్లకు, ఒకే నెలలో ఇటు ముహూర్తమూ అటు హాల్‌టిక్కెట్టూ ఎదురుపడవచ్చు. రెంటిలో ఏది నెగ్గుతుందన్న దానిమీదే ఆ పిల్ల బతుకు ఏ దారి పడుతుందో తేలిపోతుంది.

బాలికల ఉన్నత పాఠశాల సాధించినదేమిటని ఎవరైనా అడిగితే శంకుస్థాపన శిలాఫలకాలు, కొత్త గదులు, వార్షికోత్సవ సభలు, ప్రథమ శ్రేణిలో నెగ్గినవారి సంఖ్య చూపించడం రివాజు. అవీ ముఖ్యమే, కాదనలేము. అయితే ఆడపిల్లల బడికి అసలు మైలురాళ్ళు వేరే ఉన్నాయి. ఎనిమిది దాటిన పిల్ల తొమ్మిదిలో అడుగుపెట్టడం ఒక మైలురాయి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళిన పిల్ల పండగ కాగానే తిరిగి రావడం మరొకటి. పది పరీక్ష ఆఖరి రోజు దాకా రాయడం ఇంకొకటి. ఆ తర్వాత ఇంటరులో చేరడం అన్నిటికన్నా పెద్దది. వీటికి రిబ్బను కత్తిరించేవారు ఉండరు. హాజరు పట్టీలో ఒక గీతగా మాత్రమే ఇవి కనిపిస్తాయి.

రెండు చట్టాల నడుమ

ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలన్న చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అంటే సుమారు ఎనిమిదవ తరగతి వరకు పిల్లను బడిలో ఉంచడం ప్రభుత్వం మీద చట్టం మోపిన బాధ్యత.

పెళ్ళి వయసు సంగతి చూస్తే, 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్ళని నిర్ణయించింది. 1949లో దానిని 15 చేశారు. 1978లో 18కి పెంచారు. 2006లో వచ్చిన బాల్యవివాహాల నిషేధ చట్టం శిక్షలను మరింత కఠినం చేసింది.

ఒక చట్టం పద్నాలుగేళ్ళతో ఆగిపోతుంది. మరొక చట్టం పద్దెనిమిది దాకా పెళ్ళి చేయవద్దంటుంది. ఈ రెంటికీ నడుమ నాలుగేళ్ళు మిగిలాయి. తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్ళు కలిపితే సరిగ్గా నాలుగు. ఈ నాలుగేళ్ళూ పిల్ల ఎక్కడ ఉండాలి? బడిలో ఉంటే గట్టెక్కినట్టే. బడి లేకపోతే పొలంలోనో, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి వద్దనో, కొంగుముడితో పెళ్ళిపీట మీదనో ఉంటుంది. ఇంటి వద్ద ఖాళీగా కనిపించే పిల్లను చూసి చుట్టాలు సంబంధాలు చెప్పడం, ఈడు వచ్చిందని ఇరుగుపొరుగు గుర్తుచేయడం, తల్లిదండ్రుల మీద ఒత్తిడి పెరగడం పల్లెల్లో అందరికీ తెలిసినదే.

2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ వయసున్న స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయినవారే. దేశం మొత్తం మీద ఇది నూటికి 23. చట్టం వచ్చి దశాబ్దాలు గడిచిన తర్వాత కూడా మన రాష్ట్రంలో పరిస్థితి ఇదీ.

విజయనగరం నాడే చెప్పిన పాఠం

ఆడపిల్ల పెళ్ళి వయసును లెక్కగట్టి లోకానికి చూపించిన పని మన విజయనగరం సంస్థానంలో జరగడం గమనించదగిన విషయం. ఆనాడు విశాఖపట్నం జిల్లాలో, ఇప్పటి విజయనగరం ప్రాంతం కూడా అందులోదే, బ్రాహ్మణ కుటుంబాలలో కన్యాశుల్కం పుచ్చుకుని జరిగిన పెళ్ళిళ్ళ జాబితాను మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. పెళ్ళికూతుళ్ళలో 99 మందికి అయిదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు. 36 మందికి మూడేళ్ళు. ఆరుగురికి రెండేళ్ళు. ముగ్గురికి ఏడాది వయసు. గురజాడ అప్పారావు ఈ అంకెలను 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలికూర్పు ముందుమాటలో పొందుపరిచారు. ఆ నాటకం 1892లోనే విజయనగరంలో రంగస్థలం ఎక్కింది.

ఆ నాటకంలో ఒక సంగతి ఈనాటికీ పాతబడలేదు. అగ్నిహోత్రావధాన్ల ఇంట కొడుకు వెంకటేశానికి పట్నంలో ఇంగ్లీషు చదువు. పెద్దకూతురు బుచ్చమ్మ బాల్యంలోనే విధవ. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే ప్రయత్నం. కొడుకు చదువుకు డబ్బు దొరికిన ఇంట్లోనే కూతురు డబ్బు తెచ్చే సరుకైపోయింది. ఈనాడు కన్యాశుల్కం లేదు, దాని చోట కట్నం వచ్చి కూర్చుంది. ఆనాడు కూతురు డబ్బు తెస్తుందని పెళ్ళికి తొందరపడ్డారు. ఈనాడు వయసు పెరిగితే కట్నం పెరుగుతుందని తొందరపడుతున్నారు. కొడుకును ఫీజు కట్టి ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కించి, కూతురిని ఊళ్ళోని సర్కారు బడికి పంపే ఇళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళోనూ కనబడతాయి.

ఆడపిల్లలకు బడి పెట్టాలన్న ఆలోచన కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరం ప్రభువు మూడవ విజయరామ గజపతిరాజు 1860లలోనే బాలికల విద్యకు ధనం వెచ్చించారు. మద్రాసులో సైతం ఆయన పేర బాలికల పాఠశాలలు నడిచాయి. గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం 1874లో బాలికల పాఠశాల తెరిచారు. విజయనగరంలో పుట్టి, ఇక్కడి సంగీత కళాశాలలోనే విద్య నేర్చిన పి.సుశీల పాట తెలుగు నేల నాలుగు చెరగులా వినిపించింది.

పట్నంలో దీపం అంత తొందరగా వెలిగినా, దాని వెలుగు పల్లెకు చేరడానికి మాత్రం నూరేళ్ళకు పైగా పట్టింది. 2001 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి విజయనగరం జిల్లాలో స్త్రీలలో చదవను రాయను వచ్చినవారు నూటికి 40 మందే. 2011కి అది నూటికి 50కి చేరింది. మగవారిలో అప్పటికి 68 మంది. ఇద్దరు ఆడవారిలో ఒకరికి అక్షరం రాదన్న మాట. ఈనాడు పదవ తరగతి చదువుతున్న పిల్లల తల్లులు చాలామంది ఆ లెక్కల్లో ఉన్నవారే. తాము వేలిముద్ర వేస్తూ, కూతురి పరీక్ష దరఖాస్తు మీద కూతురు చేసిన సంతకం చూసి మురిసిపోయే తల్లులు ఈ జిల్లాలో ఎందరో.

పేరులోనే ఉన్న పాఠం

ఈ లోటును పూడ్చేందుకు వచ్చినదే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. కేంద్ర ప్రభుత్వం 2004లో ఈ పథకాన్ని మొదలుపెట్టింది. గ్రామీణ స్త్రీల అక్షరాస్యత దేశపు సగటు కన్నా తక్కువగా ఉన్న మండలాలను ఎంచి, అక్కడ బాలికలకు వసతితో కూడిన బడి పెట్టాలన్నది ఉద్దేశం. సీట్లలో నూటికి 75 షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీల పిల్లలకు కేటాయించారు. మిగిలిన 25 దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు. తల్లి గాని తండ్రి గాని లేని పిల్లలకు, బడి మానేసిన పిల్లలకు ప్రాధాన్యం ఇస్తారు. భోజనం, వసతి, పుస్తకాలు అన్నీ ఉచితమే.

మొదట ఇవి ఆరు నుంచి ఎనిమిది వరకే ఉండేవి. ఎనిమిది కాగానే పిల్ల మళ్ళీ ఇంటికి చేరేది. గండం మొదలయ్యే చోటనే బడి ఆగిపోయేది. ఆ లోపాన్ని గుర్తించి తర్వాత పదవ తరగతి దాకా పెంచారు. 2018లో సమగ్ర శిక్షా పథకం వచ్చాక ఇంటరు దాకా పెంచడానికి వీలు కలిగింది. రాష్ట్రంలో దశలవారీగా ఇంటరు తరగతులు తెరిచారు. బయటివారికి ఇది రెండు తరగతుల పెంపుగా మాత్రమే కనిపించవచ్చు. నిజానికి చట్టాల నడుమ మిగిలిన ఆ నాలుగేళ్ళ సందును పూడ్చిన పని ఇదే.

బడికి పెట్టిన పేరు కూడా ఆలోచింపజేసేదే. పోరుబందరులో 1869లో పుట్టిన కస్తూర్బాకు చిన్ననాట బడి చదువు లేదు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులోనే గాంధీజీతో పెళ్ళయిపోయింది. ఆమెకు చదువు చెప్పాలని తాను పడ్డ తాపత్రయాన్ని, అది నెరవేరకపోవడాన్ని గాంధీజీ తన ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నారు. అంతటి ఇల్లాలికి దక్కని చదువు ఈనాడు ఆమె పేరు పెట్టుకున్న బడిలో కూలివారి పిల్లకు దక్కుతోంది.

బడిలో ఒక యేడు

వసతి ఉన్న బాలికల బడి అంటే అదొక చిన్న ఊరే. జూన్‌లో బడి తెరిచే రోజున రేకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు పట్టుకుని తల్లిదండ్రుల వెంట పిల్లలు దిగుతారు. పదేళ్ళు, పదకొండేళ్ళు నిండిన పిల్లలు. అమ్మను విడిచి ఒక్క రాత్రి కూడా పడుకుని ఎరగనివారు. తండ్రి గేటు దాటగానే ఏడుపు. మొదటి వారం రాత్రిళ్ళు ఒకరి ఏడుపు విని మరొకరు అందుకుంటారు. పై తరగతి అప్పలు పక్కన చేరి జడలు వేసి, కథలు చెప్పి ఊరడిస్తారు. ఆగస్టు నాటికి అదే పిల్ల జెండా వందనం కవాతులో కాలు కదిపి నడుస్తుంది.

తెల్లవారకముందే లేవడం, స్నానాలకు వరుస కట్టడం, ఉదయపు చదువు, ఫలహారం, ప్రార్థన, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి మళ్ళీ చదువు. ఇంటి వద్ద అయితే పొయ్యి రాజేయడం, నీళ్ళు మోయడం, పేడ ఎత్తడం, చంటివాణ్ణి చూడటం అయ్యాక మిగిలిన సమయమే చదువుకు. ఇక్కడ చదువుకే సమయం. మగపిల్లవాడికి పుట్టుకతో దక్కే ఈ తీరుబడి ఆడపిల్లకు వసతి బడిలో మొదటిసారి దొరుకుతుంది. వసతి బడి చేసే మేలు పుస్తకాల కన్నా ముందు ఇక్కడే మొదలవుతుంది.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు పల్లెలో సమర్త వేడుక చేస్తారు. బంధువులందరికీ కబురు వెళుతుంది. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన పిల్ల ఉందని ఊరికి తెలిసే రోజు కూడా అదే. చాలామంది పిల్లల చదువు ఆ వేడుకతోనే కుంటుపడుతుంది. నెలనెలా వచ్చే ఇబ్బంది రోజుల్లో బడిలో మరుగుదొడ్డి, నీళ్ళు సరిగా లేకపోతే పిల్ల మూడు నాలుగు రోజులు ఇంటి వద్ద ఉండిపోతుంది. నెలకు నాలుగు రోజులంటే యేడాదికి నలభై రోజుల చదువు గంగలో కలిసినట్టే. పరీక్షలో తప్పిన పిల్లను చూసి బుర్ర లేదనుకుంటారు గాని, బడిలో నీళ్ళు లేవని ఎవరూ అనుకోరు. రాష్ట్రంలో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పేరిట బడి పిల్లలకు శానిటరీ న్యాప్‌కిన్లు ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. ఒకనాడు తల్లితో చెప్పుకోవడానికే సిగ్గుపడిన విషయాన్ని టీచరమ్మలు తరగతిలో మాట్లాడటం చిన్న మార్పేమీ కాదు.

దసరా సెలవులకు పిల్లలు ఇళ్ళకు చేరతారు. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను. తిరిగి వచ్చిన పిల్లలు వారం రోజులు ఆ కబుర్లే చెప్పుకుంటారు. తర్వాత సంక్రాంతి. బడి ఆవరణలో ముగ్గుల పోటీ పెట్టి, గొబ్బెమ్మలు పెట్టించి ఇళ్ళకు పంపుతారు.

సంక్రాంతి తర్వాతి వారం టీచరమ్మలకు గుండె గుబులుగా ఉంటుంది. హాజరు పిలుస్తుంటే పలకని పేరు ఎవరిదని చూస్తారు. వలస పోయిన తల్లిదండ్రులు పండగకు ఇంటికి వచ్చేది అప్పుడే. చెన్నై, హైదరాబాదు, విజయవాడల్లో భవనాల పనికి వెళ్ళే కుటుంబాలు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. పండగకు పదిమంది చుట్టాలు కలిసిన చోట సంబంధాల మాట వస్తుంది. తిరుగు ప్రయాణంలో పిల్లను పనికి వెంటబెట్టుకు పోయేవారూ ఉంటారు. అందుకే పలకని పేరు మూడో రోజుకీ పలకకపోతే ఊరికి కబురు పెట్టాలి, ఇంటికి మనిషి వెళ్ళాలి. ఇంటి గడపలో నిలబడి తల్లితో మాట్లాడి పిల్లను వెంటబెట్టుకు వచ్చిన రోజున బడిలో సభ జరగదు, దండలు పడవు. ఆ యేటికి ఆ బడి సాధించిన ఘనకార్యం మాత్రం అదే.

బరువులెత్తిన చేతులు

ఆడపిల్ల బలహీనురాలు, దూరం పంపితే ఎలా అనే వారికి జవాబు ఎంతో దూరాన లేదు. రామతీర్థం ఉన్న నెల్లిమర్ల మండలంలోనే కొండవెలగాడ ఉంది. బరువులెత్తే ఆటకు ఆ ఊరు పెట్టింది పేరు. మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. 2014లో గ్లాస్గోలో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో ఆమె మొదట కాంస్యం గెలిచింది. పోటీలో ముందున్న క్రీడాకారిణి మత్తుమందుల పరీక్షలో దొరికిపోవడంతో ఆ పతకం రజతమైంది. పక్క జిల్లా శ్రీకాకుళంలో ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్ళిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

వీరెవరూ రాజుల ఇళ్ళలో పుట్టినవారు కారు. నీళ్ళ బిందె, గడ్డిమోపు మోసే చేతులే బరువులెత్తాయి. మోసేది మన పిల్లలకు కొత్త కాదు. మోసినందుకు పతకం రావడమే కొత్త. సాయంత్రం పూట ఆడపిల్లలను మైదానంలోకి దింపే బడి, వారికి వ్యాయామ ఉపాధ్యాయిని ఉన్న బడి, ఊరికి చేసే మేలు ఇంతటిది.

పరీక్షలో నెగ్గేది ఎవరు?

పదవ తరగతి ఫలితాలు చూస్తే ఆడపిల్లల పట్టుదల తెలుస్తుంది. రాష్ట్రంలో 2024లో బాలికలు నూటికి 89 మంది నెగ్గితే బాలురు 84 మంది. 2025లో మొత్తం ఉత్తీర్ణత తగ్గినా ఆ తేడా మాత్రం తగ్గలేదు. బాలికలు 84, బాలురు 78. అవకాశం ఇస్తే ఆడపిల్ల వెనుకబడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మరొక విశేషం ఉంది. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విజయనగరం నుంచి విడిపోయిన పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు పదవ తరగతి ఫలితాలలో రాష్ట్రంలో మొదటి స్థానం పొందింది. కొండ ఊళ్ళు, దూరాలు, పేదరికం ఉన్న జిల్లా అది. అక్కడ ఆశ్రమ పాఠశాలలు, వసతి బడులు ఎక్కువ. పిల్ల బడిలోనే ఉండి చదువుకుంటే కొండ మీది పిల్లయినా పట్నం పిల్లను దాటిపోగలదని ఆ ఫలితాలు చెప్పకనే చెబుతున్నాయి.

పది గట్టెక్కితే దారులు తెరుచుకుంటాయి. పదవ తరగతి మార్కులతోనే చేరగల ట్రిపుల్ ఐటీ శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో నడుస్తోంది. సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ ప్రవేశంలో అదనపు పాయింట్లు ఇస్తారు. ఆరేళ్ళ ఇంజనీరింగు చదువు అక్కడే ఉండి పూర్తి చేయవచ్చు. పాలిటెక్నిక్, ఐటీఐలు కూడా పది ముగిసిన పిల్లను చేర్చుకుంటాయి. డిగ్రీ చదవాలంటే విజయనగరంలో మహిళా కళాశాల ఉంది. రామతీర్థం నుంచి పట్నం పది పన్నెండు కిలోమీటర్లకు మించదు.

దూరం తగ్గితే భయం తగ్గుతుంది

వసతి బడిలో అందరికీ చోటు దొరకదు. ఊళ్ళో ఉండే చదివే పిల్లలే ఎక్కువ. వారికి మొదటి అడ్డంకి దారి. ఉన్నత పాఠశాల అయిదు కిలోమీటర్లలోపు ఉండాలని 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ లక్ష్యంగా పెట్టుకుంది. అయిదు కిలోమీటర్లంటే పటంలో చిన్న గీతే. చీకటి పడే వేళ మామిడి తోటల మధ్య ఒంటరిగా నడిచే పిల్లకు, గుమ్మంలో నిలబడి ఎదురుచూసే తల్లికి అది చాలా దూరం.

ఆడపిల్లలకు సైకిళ్ళు పంచినప్పుడు ఊళ్ళలో కనిపించిన మార్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది. నలుగురు పిల్లలు కలిసి గంటలు మోగిస్తూ వెళుతుంటే దారిన పోయేవారు పక్కకు తప్పుకునేవారు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం చేశారు. ఇంటరు చదవడానికి పట్నం వెళ్ళే పిల్లకు చార్జీ బెంగ తీరింది. ఇక కావలసింది బడి వేళకు బస్సు రావడం, పిల్లలు చెయ్యెత్తిన చోట ఆపడం. చార్జీ లేకపోయినా బస్సు లేకపోతే ప్రయోజనం ఉండదు కదా!

డబ్బు సాయం కూడా కొంత ఊతమే. బిడ్డను బడికి పంపే తల్లి ఖాతాలో డబ్బు వేసే ‘అమ్మ ఒడి’ 2020 జనవరిలో మొదలైంది. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ వచ్చింది. ఇంట్లో చదివే పిల్లలెందరుంటే అందరికీ వర్తించడం దీని విశేషం. కొడుకా కూతురా అని ఎంచుకోవలసిన పని తప్పింది. ఇంటరు పిల్లలకూ ఇది అందుతుంది. హాజరు తగ్గితే సాయం ఆగుతుంది గనుక పిల్లను పనికి పంపబోయే తండ్రి ఒక క్షణం ఆలోచిస్తాడు.

ఊరు చేయగల పని

ప్రభుత్వం చేయవలసినది చాలా ఉంది. గదులు, మరుగుదొడ్లు, నీళ్ళు, ఉపాధ్యాయినులు, బస్సులు అన్నీ అడిగి తెచ్చుకోవలసినవే. అయినా ముహూర్తం పెట్టేది ప్రభుత్వం కాదు. ఊరే. కనుక ఆపగలిగేది కూడా ఊరే.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లను పెళ్ళాడిన మగవాడికి, పెళ్ళి జరిపించినవారికి, ప్రోత్సహించిన పెద్దలకు రెండేళ్ళ దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చని 2006 నాటి చట్టం చెబుతోంది. తల్లిదండ్రులు కూడా ఇందుకు మినహాయింపు కారు. ఆడవారికి జైలుశిక్ష లేదు గాని జరిమానా తప్పదు. అలాంటి పెళ్ళి జరగబోతోందని తెలిస్తే తహసీల్దారుకు గాని, అంగన్‌వాడీ కార్యకర్తకు గాని, పోలీసులకు గాని చెప్పవచ్చు. 1098 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. పిల్ల తానే చేసినా వింటారు.

పందిరి వేశాక ఆపడం కన్నా పందిరి వేయకముందే ఆగడం మేలు. మంగళసూత్రం ముందు పోలీసులు వచ్చి నిలిస్తే ఇంటి పరువు, పిల్ల మనసు రెండూ గాయపడతాయి. పురోహితుడు ముహూర్తం పెట్టేముందు పిల్ల వయసు ధ్రువపత్రం చూపమంటే చాలు, సగం పెళ్ళిళ్ళు అక్కడే ఆగుతాయి. బంధువుల్లో ఒక పెద్దమనిషి లేచి పరీక్షలు కానివ్వండి అంటే చాలు. పరీక్ష కాగానే ఫలితాలు, ఫలితాలు రాగానే ఇంటరు. ఒక మాటతో ఒక యేడు దొరుకుతుంది. అలాంటి మాటలు నాలుగు పడితే నాలుగేళ్ళూ గట్టెక్కుతాయి.

పొదుపు సంఘాల మహిళలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నెలనెలా అప్పు కంతుల లెక్క చూసుకున్నట్టే, తమ సంఘంలో ఎవరి పిల్ల ఎన్నవ తరగతిలో ఉందో, ఎవరు బడి మానేశారో ఒక్క పది నిమిషాలు మాట్లాడుకుంటే చాలు. ఏ అధికారికీ తెలియని కబురు వారికి ముందే తెలుస్తుంది. బడి యాజమాన్య కమిటీలలో తల్లులు సభ్యులుగా ఉంటారు. సంతకం పెట్టి వచ్చేయకుండా, మరుగుదొడ్డికి తలుపు ఉందా, నీళ్ళు వస్తున్నాయా, తొమ్మిదిలో ఎందరు చేరారు, పదికి ఎందరు మిగిలారు అని అడగాలి. అడిగే తల్లి ఉన్న బడిలో పిల్లలు నిలుస్తారు.

ఆడపిల్ల ‘ఆడ’ పిల్లే గాని ‘ఈడ’ పిల్ల కాదని పెద్దలు అనేవారు. ఏనాటికైనా అత్తవారింటికి పోయేదేనని ఆ మాటకు అర్థం. పోనివ్వండి. పద్దెనిమిదేళ్ళు నిండి, చేతిలో ఇంటరు సర్టిఫికెట్టు పట్టుకుని, తన పేరు తాను సంతకం చేసి, తనకు నచ్చినవాడి ఇంటికి పోనివ్వండి. రామతీర్థంలో సీతారాముల కల్యాణం ఏటా జరుగుతుంది. వచ్చే యేడు ముహూర్తం మళ్ళీ వస్తుంది. పదవ తరగతి చదివే వయసు మాత్రం ఒక్కసారే వస్తుంది.